మా మామగారి రథము

వంటలు, వ్రతములు, పిల్లల పెంపకము మున్నగు విషయములకు నెలవైన ఈ పుటలలో ఇనుపతుక్కును గూర్చియు, వెల్డింగును గూర్చియు మేము వ్రాయబూనుట మీకు వింతగా తోచవచ్చును. మాకును వింతగనే యున్నది. కాని గడచిన రెండేండ్లలో మా యింట ఆవకాయ మాటకంటె ఇరుసుల మాటయే హెచ్చుగా వినబడినది. పెరటిలో వడియములు పెట్టు చాపమీద ఒకనాడు గేరుబాక్సు ఎండుచుండెను. ఇక దానిని గూర్చి గాక మఱి దేనిని గూర్చి వ్రాయుదుము?

మాకు చదువు చెప్పినది మా తండ్రిగారు. అమరమును భారతమును ఆయన యొద్దనే, ఇంటి అరుగుమీదనే చదివితిమి. యంత్రములలో మాకు తెలిసినవి కుట్టుమిషనును, రుబ్బుడు యంత్రమును మాత్రమే. మావారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. మా అత్తవారి యూరు పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెమునకు చేరువనున్న మాధవరము. రెండు ప్రపంచయుద్ధములకును సైనికులను పంపిన గ్రామమగుటచే దానిని మిలటరీ మాధవరమని పిలుతురు. మా మామగారును సైన్యములో డ్రైవరుగా పనిచేసి, 1969లో చేరి 1986లో పింఛనుతో ఇల్లు చేరినవారే. డెబ్బదియైదేండ్లు నిండినను నేటికిని తెల్లవారుజామున నాలుగింటికి లేచి తమ పక్క తామే మడచుకొందురు. ఆ మడతలో దుప్పటి అంచులు ఎన్నడును ఎగుడుదిగుడుగా నుండవు.

వారి పడకగదిలో ఒక ఛాయాచిత్రము కలదు. మావారి తాతగారు రెండవ ప్రపంచయుద్ధమున బర్మా సరిహద్దులో నున్నప్పుడు తీసినది. ఖాకీ నిక్కరుతో, సన్నని కాళ్లతో, ఒక చిన్న జీపు బానెట్టుపై చేయివైచి ఆయన నిలిచియుండిరి. యుద్ధము ముగిసిన పిమ్మట మిగిలిన జీపులను వేలములో అమ్ముచుండగా ఒకటి కొనవలెనని తాతగారు ఎంతయో ఆశపడిరట. డబ్బు చాలలేదు. ఆ కోరిక మాటలలోనే మిగిలిపోయి, మాటలవెంట కుమారునకు సంక్రమించెను. మామగారు సైన్యమున డ్రైవరు పనినే కోరి చేరుటకును అదియే కారణము.

ఇక కలహమునకు వత్తుము. ఒకే ర్యాంకు ఒకే పింఛను పద్ధతిపై రావలసిన బకాయిలు 2023లో మామగారి చేతికి వచ్చెను. వారు అంతకుముందు దాచుకొన్నదానితో కలసి అది రెండులక్షల పదివేలాయెను. మా యింటి స్లాబు నాలుగేండ్లుగా కారుచున్నది. వానాకాలమున పుస్తకాల బీరువాపై ప్లాస్టికు పట్టా కప్పి, నడుమ గిన్నెలు పెట్టుచుండుట మాకు అలవాటే. ఆ డబ్బు చూడగానే మా మనస్సున సిమెంటును, ఇసుకయు కనబడినవి. దాచనేల? మేము తాపీమేస్త్రితో మాటకూడ ఆడివచ్చితిమి. అదే సాయంకాలము మామగారు ఛాయాచిత్రమును గోడనుండి దింపి మా ముందర పెట్టి, "అమ్మాయీ, ఇటువంటి బండి కట్టిస్తాను" అనిరి.

"స్లాబు మాటేమిటి, మామయ్యగారూ?" అంటిమి.

"స్లాబు నలభై ఏళ్లనుంచి ఉంది. నేను ఇంకో నలభై ఏళ్లు ఉండను" అనిరి.

దీనికి ఏమని బదులు చెప్పుదుము? మావారు మధ్యస్థము చేయుటకు బదులు పాఠశాలకు వేళయైనదని వెడలిపోయిరి. అది ఆదివారము. ఇంతకును ఆ డబ్బు మామగారిదే గాని మాది కాదు. ఆ సంగతి ఎఱిగియు మేము రెండురోజులు ముఖము చిట్లించుకొనియే వడ్డించితిమి. మూడవనాడు మామగారు ఒక కొత్త పద్దుపుస్తకము తెచ్చి మా చేత పెట్టి, "ప్రతి రూపాయీ నువ్వే రాయి. నువ్వు వద్దన్న ఖర్చు పెట్టను, బండి వద్దనకు" అనిరి. ఆ విధముగా మేము ఆ రథమునకు కరణమైతిమి.

అసలైన పాత జీపు కొనరాదా అని మీరు అడుగవచ్చును. యుద్ధకాలపు జీపులు నేడు అరుదు. దొరకినను వాని వెల మావంటివారికి అందదు. వాని పుట్టుకయు చిత్రమైనదే. 1940లో అమెరికా సైన్యము తేలికయై, నాలుగు చక్రములకును బలము అందు చిన్నబండి కావలెనని కోరగా, బాంటము అను చిన్న కంపెనీ నలువదితొమ్మిది దినములలో నమూనా కట్టి యిచ్చెను. దాని రూపకర్త కార్ల్ ప్రాబ్స్టు. పిదప విల్లీసు కంపెనీయు, ఫోర్డు కంపెనీయు ఆ తీరున యుద్ధము ముగియులోపల ఆరు లక్షలకు మించి చేసినవి. అరువది గుఱ్ఱముల బలముగల ఇంజను. ముందు ఇరుసునుండి వెనుక ఇరుసునకు ఎనుబది అంగుళములు మాత్రమే. ముందరి అద్దము బానెట్టుపైకి వాల్చవచ్చును. దీపములను వెనుకకు త్రిప్పిన ఇంజనుమీదనే వెలుగు పడును. రాత్రి మరమ్మతునకు మఱియొకరు దీపము పట్టనక్కరలేదు. ఈ చివరిది వినినప్పుడు మాత్రము, ఆ బండిని కల్పించినవాడు మా వంటింటినికూడ కల్పించియుండిన ఎంత బాగుండునని మాకు తోచెను.

2023 దసరా ఆయుధపూజనాడు పని ఆరంభమాయెను. మేస్త్రి మా యూరికి చేరువవాడే, మామగారియందు భక్తిగలవాడు. విజయవాడ ఆటోనగరులో తిరిగితిరిగి ఒక వ్యాపారియొద్ద చాసిస్సు బేరమాడి, పదునైదువేలు బయానా యిచ్చి వచ్చిరి. పద్దు వ్రాయుటకు కాగితములు చూపుడంటిమి. ఫోటో చూపిరి. చాసిస్సు మీద నంబరు చెక్కియుండవలసిన చోట ఆకురాయితో అరగదీసిన జాడ మెఱయుచుండెను. శాసనములలో పేరు చెక్కివేయబడిన చోటును గుర్తించుట మా తండ్రిగారు చిన్ననాడే చూపియుండిరి గనుక అది మాకు క్షణములో పట్టుబడెను. పేరు తుడిచిన బండి ఎవరిదో, ఏ యింటనుండి పోయినదో! మేస్త్రి, "అమ్మగారూ, ఇలాంటివి మామూలే" అనెను. మామగారు మాత్రము ఒక్కమాటయు అనక ఫోటోను చాలసేపు చూచి, "బయానా పోయింది. రాసెయ్యి" అనిరి. వ్రాసితిమి. ఆ పదునైదువేలు వ్రాయునప్పుడు మా చేయి వణకెనని చెప్పుటకు సిగ్గుపడము.

తరువాత దొరకినది ఒక చేపల బండి. భీమవరము ప్రాంతపు చెరువులనుండి ఐసుపెట్టెలు మోసిన చిన్న మహీంద్రా ట్రక్కు. ఉప్పునీరు కారికారి వెనుక తొట్టి జల్లెడవలె నైనది గాని, ఇంజనును, చాసిస్సు ముందుభాగమును గట్టిగానే యున్నవి. యజమాని పేర కాగితములన్నియు నున్నవి. బండి ఇక రోడ్డున నడువదని తేలినప్పుడు పదునాలుగు దినములలో రవాణాశాఖకు తెలిపి రిజిస్ట్రేషను రద్దు చేయించుకొనవలెనని మోటారు వాహనముల చట్టమున నున్నది. ఆ పని యజమానిచే చేయించి, రసీదు చేతబడిన పిమ్మటనే అరువదిరెండువేలు ఇప్పించితిమి. పెరటిలోనికి ఆ బండి వచ్చిన దినము ఊరి పిల్లులన్నియు మా గోడమీద చేరినవి. మూడు దినములు కడిగినను వాసన పోలేదు. పసుపునీళ్లు చల్లితిమి. చింతపండుతో తోమితిమి. కడపట ఎండయే దానిని పోగొట్టెను.

ముందు చక్రములకు బలమిచ్చు ఇరుసును, దానికి సంబంధించిన పెట్టెయు ఒక పాత జీపునుండి తెచ్చిరి. ఇక ట్రక్కు చాసిస్సును ఎనుబది అంగుళముల కొలతకు కుదింపవలెను. నడుమ కోసి, తీసివేసి, మరల అతుకవలెను. నిట్టనిలువుగా కోసి అతికిన బలము చాలదట. అందుచే ఏటవాలుగా కోసి, అతుకుపై ఇనుపపలకలు వైచి బిగింతురు. మేస్త్రి మొదట అక్కడక్కడ చుక్కలవలె అతికించి, రెండు పక్కల పొడవులును సమముగా నున్నవని చూపెను. మేము కాఫీ యిచ్చుటకు పోయి, ఊరకుండలేక ముగ్గుదారము తెచ్చి మూలనుండి మూలకు పట్టి చూచితిమి. ఒక కర్ణమునకును రెండవ కర్ణమునకును ముప్పాతిక అంగుళము తేడా.

"పక్కలు సరిపోయాయి కదమ్మా?" అనెను మేస్త్రి.

"నులకమంచానికీ పక్కలు సరిగానే ఉంటాయి. అయినా ఒక్కోసారి కోరగా నిలబడదూ?" అంటిమి.

మామగారు బిగ్గరగా నవ్విరి. సంక్రాంతికి పెద్ద ముగ్గు పెట్టు ఆడువారందరును ఎఱిగిన లెక్కయే యది. మేస్త్రి మాత్రము ఆ పూట నవ్వలేదు. అతుకులు కోసి, ఇరుదారములును సమమగువరకు జాకీతో నెట్టి, మరల వెల్డింగు చేసెను. నాటినుండి కొలత వేసిన ప్రతిసారియు, "అమ్మగారి దారం తెండి" అనుట వానికి అలవాటాయెను.

అన్నిటికంటె పెద్ద చిక్కు బానెట్టు. ఛాయాచిత్రములోని జీపు బానెట్టు పల్లముగా, చదునుగా నుండును. మా చేపలబండి డీజిలు ఇంజను పొడుగు. పైన పెట్టి చూడగా మూడంగుళములు మూత పడదు. ఇంజనును దించిన అడుగున నూనెపళ్లెము ముందు ఇరుసునకు తగులును. బానెట్టు పెంచిన తాతగారి జీపు కాదు. దీనిపై నెలదినములు చర్చ జరిగెను. మా యింట అల్లుని వరకట్నమును గూర్చియైనను అంత చర్చ జరిగియుండదు (మా యింట వరకట్నము లేదు గనుక ఆ పోలిక చెల్లదని మావారు అందురు). కడపట ఇంజను దిమ్మెలను అంగుళమున్నర దించి, గాలివడపోత డబ్బాను తలమీదనుండి పక్కకు మార్చి, ఇక తప్పని ఒక్క అంగుళము బానెట్టును పైకెత్తిరి. పక్కన ఛాయాచిత్రము పట్టి చూచినగాని ఆ అంగుళము తెలియదు. మామగారికి మాత్రము ఎప్పుడును తెలియును.

ముందరి జాలీ విషయమున తప్పు మాది కాదు. మేస్త్రి సంతలో దొరకునది తెచ్చి బిగించెను. మేము భూతద్దముతో ఛాయాచిత్రమును చూడగా తాతగారి నడుముపక్కన నిలువు సందులు లెక్కకు తొమ్మిది వచ్చినవి. తెచ్చిన జాలీకి ఏడే. యుద్ధకాలపు జీపులకు తొమ్మిది సందులనియు, తరువాత జనులకు అమ్మినవానికి ఏడనియు పిమ్మట చదివి తెలిసికొంటిమి. "ఎవరు లెక్కపెడతారండీ?" అని మేస్త్రి. "మా కోడలు లెక్కపెట్టింది" అని మామగారు. మూడువేల ఐదువందలు మరల ఖర్చు వ్రాసికొంటిమి. డీజిలు తొట్టి విషయమున మాత్రము మేము పట్టు విడువలేదు. అసలు జీపులో పెట్రోలుతొట్టి డ్రైవరు పీటక్రిందనే యుండును. "యుద్ధమంతా దానిమీదే కూర్చున్నారు" అని మామగారు. "యుద్ధము ముగిసినది" అని మేము. తొట్టి వెనుకకు పోయెను.

2024 కార్తికమునకు బండికి రంగు పడెను. పచ్చనాకు ఎండబోవునప్పటి రంగు. అప్పుడు మామగారు, సంక్రాంతికి దానిని తామే నడపుకొని తాడేపల్లిగూడెము పోయి, పాత సైనిక మిత్రులకు చూపి వచ్చెదమనిరి. మా గుండె దిగజారెను. ఈ మాట ముందే చెప్పవలసినది మేమే. చెప్పలేదు. చట్టములోని ఏబదిరెండవ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్ణయించిన తీరుకు భిన్నముగా బండిని మార్పరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు తీర్పును ఇట్లే యున్నది. చేపలబండి రిజిస్ట్రేషను రద్దయినది. ఈ క్రొత్త రూపమునకు నంబరు రాదు. నంబరులేని బండి రోడ్డెక్కరాదు. బీమాయు ఉండదు. ఎవరికైన తగిలిన ఏమగును? ఇవన్నియు చెప్పితిమి.

"మీ నాన్నగారు భారతం నేర్పారనుకున్నాను. లాయరు పని కూడా నేర్పారన్నమాట" అని మామగారు లేచిపోయిరి.

పదునొకండు దినములు వారు మాతో మాటలాడలేదు. కంచము అరుగుమీదికి తెప్పించుకొని తినిరి. మజ్జిగ వద్దనిరి. పెరటిలో పచ్చని బండి, అరుగుమీద తెల్లని పంచె, నడుమ మేము. సోదరీమణులారా, తప్పు మాటాడి పడిన కష్టముకంటె ఒప్పు మాటాడి పడిన కష్టము దుర్భరమని అప్పుడు తెలిసినది. ఒక రాత్రి మావారితో, "పోనీ, ఒక్కసారి పోయి రానిండు. ఎవరు పట్టుకొందురు?" అని మేమే అంటిమి. పదునైదువేలు వదలుకొని అరగదీసిన నంబరును కాదన్న మా నోటినుండియే ఆ మాట వచ్చెను.

పండ్రెండవనాడు మామగారు మఱియొక పుస్తకము తెచ్చి మా ముందర పెట్టిరి. సైన్యములో ఏ బండియైనను అధికారి సంతకముగల కాగితము లేక గేటు దాటరాదట. ఎంత తొందరయైనను, ఎంతవారైనను అంతే. ఆ నియమము తప్పి తామెన్నడును బండి తీయలేదట. "పదిహేడేళ్లు సంతకం లేకుండా గేటు దాటలేదు. ఇప్పుడెందుకు దాటడం? రోడ్డు వద్దు. తోటలో తిప్పుతాను. ప్రతిసారీ నువ్వు సంతకం పెట్టు" అనిరి. పుస్తకములో గీతలు తామే గీసికొని తెచ్చిరి. తేది, ఎక్కడికి, ఎంతదూరము, డ్రైవరు, సంతకము. వేళ్లు వణకుటచే గీతలు కొంచెము వంకరగా నున్నవి.

2025 సంక్రాంతికి మా కొబ్బరితోటలో తొలి పరుగు జరిగెను. సంతకము పెట్టితిమి. మా చిన్నవాడు తాతగారి పక్కన ఎక్కెదనని ఏడ్చినను ఎక్కనీయలేదు. దేవుడు మా నోట ఆ మాట పలికించెను. రెండవ చుట్టులో బండి కాలువగట్టువైపు తిరుగునప్పుడు మామగారు బ్రేకు త్రొక్కగా, పాదము నేలకు తగులువరకు పోయినదట. వెనుక చక్రములో పాత రబ్బరు చిట్లి నూనె కారిపోయెను. వారు కేకవేయలేదు. గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగి, బండిని గడ్డివామిలోనికి మెల్లగా గ్రుచ్చిరి. కర్ణుని రథచక్రము భూమిలో క్రుంగిన ఘట్టమును మేము ఎన్నిమారులో చదివితిమి. సారథి ముఖము ఎట్లుండునో మాత్రము ఆనాడే చూచితిమి. తెల్లగా నుండెను. గడ్డి దులుపుకొనుచు దిగి, "పాత రబ్బరు వాడవద్దని నేనే చెప్పాల్సింది. నాదే తప్పు" అనిరి.

అప్పటికి వారి డబ్బు అయిపోయినది. మా చీటిపాట డబ్బు తీసి, బ్రేకులకు సంబంధించిన గొట్టములు, రబ్బరులు, సిలిండరులు అన్నియు క్రొత్తవి వేయించితిమి. 9,400 రూపాయలు. అదికూడ కలసి మొత్తము 2,19,400. ఎవరి డబ్బు ఎంతయో పద్దులో వేఱుగా చూపలేదు.

జనవరి 26న మావారి పాఠశాల ఆటస్థలమునకు బండిని లారీమీద ఎక్కించి తీసికొనిపోయితిమి. పుస్తకములో "లారీపై" అని వ్రాసి సంతకము చేసితిమి. పిల్లలు వందనము చేయుచుండగా మామగారు పాత పతకములు పెట్టుకొని మైదానమున మూడు చుట్లు త్రిప్పిరి. పిల్లలెవ్వరును జాలీసందులు లెక్కపెట్టలేదు. తాడేపల్లిగూడెమునుండి వచ్చిన వారి మిత్రుడొకరు మాత్రము కఱ్ఱ ఆనించుకొని వంగి, వ్రేలితో ఒక్కొక్కటిగా తొమ్మిదియు లెక్కించిరి. మామగారు మావైపు చూచిరి.

ఆషాఢమున తొలి పెద్దవాన నడురేయి వచ్చినది. గిన్నెలు పెట్టుటకు మేము లేచి చూతుము గదా, బీరువాపై చుక్క పడుటలేదు. స్లాబు కారుటలేదు. ఆశ్చర్యపడి తెల్లవారినంతనే మేడమీదికి పోయి చూచితిమి. జీపునకు కప్పుటకై కొన్న మందపు టార్పాలిను స్లాబుమీద పఱచి, నాలుగు మూలలను ఇటుకలు పెట్టియున్నది. అంచులు ఎగుడుదిగుడు లేవు. డెబ్బదియైదేండ్ల మనిషి ఆ వానలో నిచ్చెన ఎట్లెక్కిరో! క్రింద పెరటిలో జీపు నిండ నీరు నిలిచియుండగా వారు చెంబుతో తోడిపోయుచుండిరి.

కాఫీ తీసికొనిపోయి, రెండవ చెంబు ఎక్కడనున్నదని అడిగితిమి. ఆనాటి పద్దులో వ్రాసినది ఇది: టార్పాలిను, మఱియొకటి, 1,850.